దక్షిణం చూపిన రాయి

నేను ఉద్యోగంలో చేరిన గదిలో ఇనుప మేకు ఒక్కటి కూడా లేదు. గోడలు షాబాద్ బండలవి, పైకప్పు చెక్కది, తలుపు బందులు ఇత్తడివి, చెక్కలను పట్టి ఉంచిన మేకులు రాగివి. నగరానికి అవతలి కొసన ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో, మిగతా భవనాలకూ బండ్లు తిరిగే దారికీ దూరంగా, గడ్డిలో ఒంటరిగా ఉండేది. డెబ్బైల మొదట్లో సంగతి ఇది. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తయిన ఏడాదే నాకక్కడ సహాయకురాలిగా పని దొరికింది. యాకుత్‌పురాలో మేముండే అద్దె ఇంటి నుంచి రెండు బస్సులు మారి వెళ్లాలి.

మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. గడ్డపార, సుత్తె పట్టుకుని పట్టాల వెంట నడిచే ఉద్యోగం. ఆడపిల్ల అంత దూరం పోయి రాళ్లను కొలవడమేమిటని చుట్టాలు అడిగితే, "సర్కారు నౌకరి. రాళ్లయితేంది, రప్పలైతేంది?" అని వాళ్ల నోరు మూయించాడు. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లగా తనే అడిగాడు. "ఇంతకు రాళ్లల్ల ఏం కొలుస్తరు బిడ్డా?" నాకప్పటికి సరిగ్గా తెలియదు. తెలిసినాక చెప్తానన్నాను.

తెలియజెప్పింది మా సార్. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మనిషి. వయసు యాభై దాటింది, మోకాళ్ల నొప్పులు, మాట తక్కువ. మొదటి రోజు ఆయన చెప్పులు విడిచి, గడియారం, తాళంచెవులు, కళ్లద్దాల డబ్బా అన్నీ గుమ్మం బయటి గూట్లో పెట్టి లోపలికి వెళ్లారు. దేవుడి గదిలోకి వెళ్తున్నట్టే ఉంది. గది మధ్యలో ఒక గాజు గొట్టం. అందులో వెంట్రుక కన్నా సన్నని పోగుకు వేలాడుతూ రెండు బుల్లి అయస్కాంతాలు, వాటి పక్కన గోరంత అద్దం. దీపం వెలుగు ఆ అద్దం మీద పడి, ఎదుటి గోడ మీది కొలబద్ద మీద ఒక చుక్కగా నిలిచేది. గొట్టం కింద రాయి ముక్క పెడితే అయస్కాంతాలు రవ్వంత తిరుగుతాయి, చుక్క జరుగుతుంది. ఎటు జరిగింది, ఎంత జరిగింది అన్నదే మా కొలత.

"లావా కాగుతున్నప్పుడు అందులోని ఇనుప రేణువులకు ఒక దిక్కంటూ ఉండదమ్మా," అన్నారు సార్. "చల్లారే వేళకు భూమి అయస్కాంతం ఎటు లాగితే అటు తిరుగుతాయి. అలాగే గట్టిపడిపోతాయి. ఆ తర్వాత కోట్ల ఏళ్లు ఎండకి ఎండినా, వానకి తడిసినా ఆ దిక్కు మరిచిపోవు. మనం చేసేదల్లా, అప్పుడు ఉత్తరం ఎటుండేదని వాటిని అడగడం."

బడంగ్‌పేట బండలు, మౌలాలి గుట్టలు చూస్తూ పెరిగినదాన్ని. రాయిని ఒక ప్రశ్న అడగవచ్చని ఎప్పుడూ అనుకోలేదు.

అయితే నేను చేరిన వారం నుంచే ఆ గదికి ఒక తంటా వచ్చిపడింది. నేను గొట్టం దగ్గరికి వెళ్తే చాలు, గోడ మీది చుక్క కదిలేది. వెనక్కి వస్తే నిలిచేది. చేతి గడియారం తీసేశాను. చెంపపిన్నులు తీసేశాను. చీర భుజం మీది పిన్నీసు తీసేశాను. అయినా అంతే. నా తర్వాత సార్ వెళ్తే చుక్క గోడకు అతికినట్టు ఉండేది. పక్క విభాగం వాళ్లు నవ్వులాటకు "ఆవిడకే అయస్కాంత శక్తి ఉందేమో" అనేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ పని నా చేతికి రాదేమో, రేపోమాపో వేరే గదికి పంపేస్తారేమో అని దిగులు.

సార్ రెండు మూడు రోజులు గమనించారు. ఒక సాయంత్రం కిటికీ వైపు తిరిగి, గడ్డిని చూస్తున్నట్టు నిలబడి, "ఇంటికెళ్లాక మీ అమ్మగారిని ఒకసారి అడుగమ్మా, బట్టల్లో ఇంకెక్కడైనా ఇనుముందేమో," అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత సతమతమయ్యారో ఎర్రబడిన చెవులే చెప్పాయి.

అమ్మ వినీ వినగానే నెత్తి కొట్టుకుంది. "ఓసి నీ చదువు! రైకకు హుక్కులున్నయి గదనే!"

ఆ రాత్రి నా రైకలన్నీ ముందేసుకుని అమ్మ హుక్కులు పీకేసింది. పాత చీర అంచు చింపి, దారంతో చుట్టి చుట్టి శనగగింజంత గుండీలు చేసింది. వాటికి సరిపడా కాజాలు కుట్టింది. బిగువుగా, చూడముచ్చటగా ఉన్నాయి. మర్నాడు గొట్టం దగ్గరికి ఊపిరి బిగబట్టి వెళ్లాను. చుక్క కదల్లేదు. ఇంకా దగ్గరికి వెళ్లాను. కదల్లేదు. సార్ కొలబద్దను చూసి, తల ఊపి, "మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు," అన్నారు. ఆయన సరదాకు అనలేదు. ఎంతో మంది పెద్దలు కట్టిన ఆ గదిలో మా అమ్మ కుట్టు కూడా చేరిందని నాకు గర్వంగా అనిపించింది. ఆ సంగతి చెప్తే అమ్మ మాత్రం, "నమస్కారాలు సరే, పిల్లకు జీతం పెంచుమను," అంది.

పని పట్టుబడిన కొద్దీ ఇంట్లో నా మాటలు ఎక్కువయ్యాయి. ఒక ఆదివారం వాకిట్లో కూర్చుని బాపుకు భూమి అయస్కాంతం గురించి చెప్తుంటే ఆయన ఆపాడు.

"మా గడ్డపార కొసకు సన్న సన్న మేకులు అంటుకుంటయి. ఎవ్వలు దానికి సూదంటు రాయి రుద్దలె. మరి గదెట్ల?"

గడ్డపార తెచ్చి చూపించాడు. నిజమే, కొసకు పిన్నీసు వేలాడింది. నాకు జవాబు తెలుసు. ఏళ్ల తరబడి ఇనుమును కొడుతుంటే, ప్రతి దెబ్బకూ లోపలి రేణువులు కొంచెం కొంచెంగా భూమి లాగే వైపు సర్దుకుంటాయి. పుస్తకంలో చదివింది మా ఇంటి మూలకే ఆనించి ఉందని అప్పుడే చూశాను. బాపు కొంతసేపు గడ్డపారను అటూ ఇటూ తిప్పి, "అంటే భూమి కూడ నాతోని డ్యూటీ చేసినట్టే," అని నవ్వాడు.

"ఇంకో మాట విను బాపు. ఈ అయస్కాంతం ఎప్పుడూ గిట్లనే లేదు. చానా సార్లు తిరగబడ్డది. ఉత్తరం చూపే ముల్లు అప్పుడు ఉంటే దక్షిణం చూపేది."

"భూమి తలకిందులైందా ఏంది?"

"భూమి కాదు. భూమి గట్లనే తిరిగింది, పొద్దు గట్లనే పొడిసింది. లోపట కరిగిన ఇనుము ఉన్నది గద, దాని సుడులల్ల పుడతది ఈ అయస్కాంతం. ఒక్కొక్కసారి దాని బలం తగ్గుకుంట తగ్గుకుంట పోయి, అటు ఇటు ఊగి, ఎదురు దిక్కుకు నిలబడతది. వేల ఏండ్లు పడతది గట్ల తిరగడానికి."

ఇంటి ముందు భాగంలో ఉండే ఖాలా, మేం పిన్నమ్మ వరసగా అలా పిలిచే ఆవిడ, తలుపు తెర పక్కకు జరిపి వింటోంది. ఆ ఇల్లు ఆమెదే. పెనిమిటి పోయాక వెనక భాగం మాకు అద్దెకిచ్చింది. ఆయన హజ్ నుంచి తెచ్చిన ఖిబ్లానుమా, అంటే నమాజుకు మక్కా దిక్కు చూపే చిన్న దిక్సూచి, ఆమె దగ్గర పట్టుగుడ్డలో భద్రంగా ఉండేది. ఆమె దాన్ని పట్టుకుని గబగబా వాకిట్లోకి వచ్చింది.

"అరే బేటీ, యే కాంటా ఉల్టా హో గయా తో నమాజ్ కిధర్ పడ్నా?"

ముల్లు తిరగబడితే నమాజు ఎటు చేయాలని ఆమె ఫికర్. నిజంగా కంగారు పడింది. నేను దిక్సూచి తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. "మన జమానాల కాదు ఖాలా, మన తర్వాత ఎన్ని తరాలకో. అయినా ముల్లు తిరిగితే దాని తోక దిక్కు చూడాలె, గంతే. మక్కా ఉన్న చోటనే ఉంటది. సూరజ్ ఎటు మునుగుతడో మీకు ఎరుకనే గద."

ఖాలా కాసేపు ముల్లును చూసింది. "తో కాంటా బదల్తా, మక్కా నై బదల్తా. బస్," అంది, ముల్లు మారినా మక్కా మారదని. తర్వాత నా బుగ్గలు పుణికి, తన చెవుల దగ్గర మెటికలు విరిచింది. మరుసటి వారం గల్లీలో ఆడవాళ్లందరికీ ఆ సంగతి ఆమే చెప్పింది, నాకన్నా బాగా.

అసలు కథ చలికాలంలో మొదలైంది. నగరం కింద ఉన్నది గట్టి తెల్లబండ. పడమరగా పోయి వికారాబాద్ దాటితే నల్లరేగడి, దాని కింద లావా చల్లారి కట్టిన నల్లరాయి మొదలవుతాయి. ఆరేడు కోట్ల ఏళ్ల కింద దక్కన్‌లో సగం మీద పరుచుకున్న లావా అది. అక్కడొక గుట్ట నుంచి రాళ్లు తేవాలి. సార్‌కు మోకాళ్ల నొప్పి ఎక్కువై, నన్నూ ఒక సీనియర్‌నూ జీపులో పంపారు. సీనియర్ గుట్ట పైకెక్కాడు. కింద వాగు కోసేసిన గట్టు దగ్గర పని నాది.

రాయిని ఊరికే పగలగొట్టి తెస్తే పనికిరాదు. అది తన చోట ఎలా కూర్చుందో ముందే దాని మీద గుర్తు పెట్టాలి. నల్లరాయి దగ్గర మామూలు దిక్సూచిని నమ్మలేం, రాయే ముల్లును లాగుతుంది. అందుకని సన్నని పుల్ల నిలబెట్టి, దాని నీడ పడిన తీరునూ గడియారాన్నీ చూసి ఉత్తరం లెక్కగట్టేవాళ్లం. నేను నీడ చూశాను, మళ్లీ చూశాను. తెల్లరంగుతో రాయి మీద ఉత్తరానికి బాణం గీశాను. రంగు ఎండాక ఉలి పెట్టి కొట్టి రాళ్లు ఊడదీశాను. సాయంత్రానికి అరచేతులు పొక్కులెక్కాయి.

గదిలో కొలిస్తే గుట్ట పైన తీసిన రాళ్లు ఉత్తరం చూపాయి. నేను తెచ్చినవన్నీ దక్షిణం చూపాయి.

సీనియర్ ఫక్కున నవ్వాడు. సార్ నవ్వలేదు. చాలా నెమ్మదిగా, "బాణం తిప్పి గీసుంటావమ్మా. కొత్తలో ఎవరికైనా జరిగేదే," అన్నారు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు. "లేదు సార్, సరిగానే గీశాను," అన్నాను. ఆఫీసులో నేను పుస్తకంలా మాట్లాడేదాన్ని. మా మాట వింటే నవ్వుతారని భయం. ఆ పుస్తకపు మాట నాకే నమ్మేలా వినిపించలేదు.

మర్నాడు పొద్దున్నే సార్ ఒక్కరే ఉండగా వెళ్లాను. మాటలు కూర్చుకుని వెళ్లాను గానీ, నోరు తెరిచేసరికి అవన్నీ పోయాయి.

"సార్, నేను తప్పు పెట్టలె. నీడ రెండు సార్లు చూసిన. బాణం గట్లనే గీసిన. అన్ని రాళ్లకు ఒక్కతీరుగ తప్పు ఎట్ల పెడత? ఆ రాయే గట్ల చెప్తున్నది సార్!"

ఆయన నన్ను అలాగే చూశారు. "ఇంట్లో ఇలాగే మాట్లాడతావా?"

అవునన్నట్టు తల ఊపాను.

"ఇక్కడా ఇలాగే మాట్లాడు. నిన్న నువ్వు చెప్తే నమ్మబుద్ధి కాలేదు. ఇవాళ అవుతోంది." లేచి నిలబడ్డారు. "కానీ మన నమ్మకాలతో పని లేదు. పోయి చూద్దాం పద."

ఆ మనిషి మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని, జీపులో అంత దూరం కుదుపులు ఓర్చుకుని వచ్చారు. మేం కొలిచింది ప్రతి రాయి నుంచీ తొలిచిన చిన్న ముక్కనే. మిగిలిన రాళ్లలో పెద్దదాన్ని గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. వాగు దగ్గర దిగాక, "ఇది ఎక్కడ కొట్టావు?" అని అడిగారు. చూపించాను. గట్టులో నేను ఊడదీసిన గుంట అలాగే ఉంది. నా తెల్లబాణం తోక రాయి దాటి పక్కబండ మీదికి కూడా పాకింది. ఊడదీసినప్పుడు ఆ తోక అక్కడే మిగిలిపోయింది. నేను దాన్ని గమనించనే లేదు.

సార్ వాగు ఇసుకలో బోర్లా పడుకున్నారు. ఇస్త్రీ చొక్కా మీద మట్టి. గోనె విప్పి, రాయిని రెండు చేతులతో పట్టుకుని ఆ గుంటలోకి నెట్టారు. ఒకవైపు పట్టలేదు. కొంచెం తిప్పారు. టక్కుమని చప్పుడై రాయి కూర్చుంది. రాయి మీది తెల్లగీత, బండ మీది తెల్లగీత ఒక్కటిగా కలిశాయి. అప్పుడు పుల్ల నిలబెట్టి, తన గడియారం చూసి, నీడ నుంచి తనే ఉత్తరం లెక్కగట్టారు. బాణం సరిగ్గా అటే ఉంది.

చాలాసేపు ఆయన లేవలేదు. నొప్పేమోనని దగ్గరికి వెళ్లాను. చెయ్యి ఆ రాయి మీద ఆనించి అలాగే ఉండిపోయారు.

"నువ్వు తప్పు పెట్టలేదమ్మా. పొరపాటు నాది," అన్నారు.

మాతో వచ్చిన సీనియర్ అక్కడే ఉన్నాడు, డ్రైవర్ ఉన్నాడు. వాళ్లు వినాలనే గట్టిగా అన్నారు. అంత పెద్ద మనిషి ఇసుకలో పడుకుని, కొత్తగా చేరిన పిల్లతో ఆ మాట అనడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. చెయ్యి అందించి లేవదీశాను.

అంతటితో ఆయన ఊరుకోలేదు. "ఇప్పుడు రాయిని అనుమానించాలి," అన్నారు. కొన్ని రాళ్లు చల్లారేటప్పుడు, భూమి అయస్కాంతం ఎటు లాగినా తమంతట తామే ఎదురుదిక్కుకు తిరుగుతాయట. మా రాయి ఆ బాపతు కాదని తేల్చాలి. ఎలాగని అడిగాను. ఆయన గట్టు అడుగున చెయ్యి చూపారు. నల్లరాయి కింద జానెడు మందాన ఎర్రమట్టి పొర ఉంది, ఇటుకలా గట్టిపడి. పాత లావా మీద ఏర్పడిన నేల అది. దాని మీదికి కొత్త లావా పారి, ఆ వేడికి మట్టి కాలిపోయింది. కాలిన మట్టి చల్లారినప్పుడు అది కూడా ఆనాటి దిక్కునే పట్టుకుంటుంది.

"రాయి జాతి వేరు, మట్టి జాతి వేరు. ఇద్దరూ ఒకే మాట చెబితే అబద్ధం కాదన్నమాట," అన్నారు.

నేను మట్టిపొర మీద వేళ్లు పెట్టాను. మనిషి పుట్టక ముందు ఎండకు ఎండిన నేల. దాని మీద నిప్పు ప్రవహించింది. ఆ రోజు భూమికి ఉత్తరం ఎటో అది పట్టుకుని కూర్చుంది, ఇన్ని కోట్ల ఏళ్లు, ఎవరో వచ్చి అడిగేదాకా. నీడ చూసి గీతలు పెట్టి, మెత్తని బ్రష్షుతో దులిపి, గడ్డలుగా తీశాను.

ఆ వారం మట్టిగడ్డల నుంచి కోసిన ముక్కలను ఒక్కొక్కటే గొట్టం కింద పెట్టాం. మొదటిది పెట్టింది సారే. చుక్క మెల్లగా కదిలి, నా రాళ్లకు కదిలిన వైపే వెళ్లింది. రెండోది అంతే. మూడోది అంతే. మట్టి కూడా దక్షిణమే చూపింది. అదీ నేలకు సమంగా కాదు, నేలలోకి ఏటవాలుగా దిగబడుతూ. భూమధ్యరేఖకు ఎంత దూరం పోతే ఆ దిక్కు అంత వాలుతుందట. మన దేశం ఆనాడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉండి, తర్వాత ఇటు జరిగి వచ్చిందనడానికి ఆ వాలే సాక్ష్యమని సార్ చెప్పారు. గుట్ట అడుగున దక్షిణం, గుట్ట పైన ఉత్తరం. ఆ రెంటి మధ్య ఎక్కడో భూమి అయస్కాంతం తిరగబడింది. ఆ గుట్టను మేకలు మేపేవాళ్లు పూట పూటకీ ఎక్కి దిగుతున్నారు.

సీనియర్ నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు. మంచివాడే. తర్వాత మేమిద్దరం చాలా గుట్టలు ఎక్కాం.

నెల తర్వాత కేంద్రంలో అందరి ముందూ ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు, సార్ తాను చెప్పకుండా నన్ను నిలబెట్టారు. హాలు నిండా మగవాళ్లు. ఇంగ్లీషులోనే చెప్పాను. ఒక పెద్దాయన లేచి, మళ్లీ ఎప్పుడు తిరగబడుతుందని అడిగాడు. తిరగబడడానికి ఒక లెక్కంటూ ఉండదు, ఇప్పుడు బలం మెల్లగా తగ్గుతున్న మాట నిజమే గానీ అది మళ్లీ పుంజుకోనూ వచ్చు, అందుకని తెలియదు, అన్నాను. ఆయన ఇంకా ఏదో ఆశించినట్టు నిలబడే ఉన్నాడు. వెనక వరసలోంచి సార్, "నాకూ తెలియదండీ," అన్నారు. హాలంతా నవ్వింది. నా బెరుకు తగ్గింది. వెలువడిన వ్యాసంలో ఆయన పేరు పక్కన నా పేరు వేయించారు.

సార్ కొన్నేళ్లకు రిటైరై సొంత ఊరికి వెళ్లిపోయారు. నేను అదే కేంద్రంలో జుట్టు నెరిసేదాకా పనిచేశాను.

హాల్లో మాట్లాడిన ఆ సాయంత్రం మాత్రం ఆయన ఒక కోరిక కోరారు. ఇన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా ఎప్పుడూ మూసీ దాటి పాతబస్తీలోకి వచ్చి చాయ్ తాగలేదట. "మీ వైపు మంచి చాయ్ ఎక్కడ దొరుకుతుందో చూపించు," అన్నారు. సీనియర్‌ను కూడా తీసుకుని బస్సులో నయాపూల్ దాటి, మా వైపున్న ఒక ఇరానీ హోటల్‌కు వెళ్లాం. పాలరాతి బల్ల, గోల, మసాలా వాసన. సార్ సాసర్‌లో పోసుకుని చప్పరించి, ఇంకొకటి తెమ్మన్నారు. హోటలాయన, "పాతబస్తీ చాయ్ ఎట్లున్నది సాబ్?" అని అడిగితే, సార్ గంభీరంగా, "మస్తుగా ఉంది," అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. సీనియర్‌కు పొలమారింది.

రెండో చాయ్ అయ్యాక సార్ మోకాలు రుద్దుకుంటూ నా వైపు తిరిగారు.

"వచ్చే నెల ఎటు పోదాం?"

"పడమరకే సార్," అన్నాను. "ఇంకా పడమరకు. అక్కడ గుట్టలు ఎత్తుగుంటయి, లావా పొరలు ఒకదాని మీద ఒకటి మస్తుగుంటయి. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పొరనూ అడుగుకుంట పైకి ఎక్కుదాం."

"నా మోకాళ్లతోనా?"

"మీరు కింది పొరల కాడ కూర్చోండి సార్. పైవి నేను చూసుకుంట."

"సరే," అన్నారాయన. "కానీ బాణాలు మాత్రం ఇలాగే పొడుగ్గా గియ్యి. తోక పక్కబండ మీదికి పాకాలి."